ఎలక్ట్రానిక్ సంతకం: ఏ కాగితానికి ఏది చెల్లుతుంది, ఎలా చేయాలి, ఎలా కాపాడుకోవాలి

కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి దగ్గర్నుంచి రాజాంలో చిన్న యూనిట్ నడిపేవారి దాకా ఇప్పుడు అందరి ఫోన్లలోనూ పీడీఎఫ్‌లే తిరుగుతున్నాయి. సరుకు ఒప్పందం, లోన్ కాగితం, ఆఫర్ లెటర్, ఇంటి అద్దె పత్రం. కొందరు తెల్లకాగితం మీద సంతకం పెట్టి, ఫొటో తీసి, దాన్ని పీడీఎఫ్‌లో అతికిస్తారు. కొందరు స్క్రీన్ మీద వేలితో గీస్తారు. ఇంకొందరు ఓటీపీ కొట్టి ఊరుకుంటారు. ఫైలింగుల పని మీద నా దగ్గరికి వచ్చేవాళ్లు చివర్లో లేవబోతూ అడిగే మాట ఒకటే: "ఇది చెల్లుతుందా బాబూ?"

ఆ మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఆ కాగితాన్ని ఎలక్ట్రానిక్‌గా రాసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకున్నా, రేపు అవతలివారు "ఆ సంతకం నాది కాదు" అంటే మన చేతిలో ఏం రుజువు ఉంటుంది? సంతకం చూడ్డానికి ఎంత అందంగా ఉందన్నది లెక్కలోకి రాదు. దాని వెనక ఏ రుజువు మిగిలిందన్నదే లెక్క. ఈ మార్గదర్శి అంతా ఆ వరుసలోనే నడుస్తుంది.

మొదటి అడుగు: అసలు ఆ కాగితం ఎలక్ట్రానిక్‌గా కుదురుతుందా?

ఎలక్ట్రానిక్ పత్రాలకూ సంతకాలకూ మన దేశంలో గుర్తింపు ఇచ్చింది ఐటీ చట్టం, అంటే ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. అయితే ఆ చట్టమే తన మొదటి షెడ్యూల్‌లో కొన్ని కాగితాలను పక్కన పెట్టింది. చెక్కు తప్ప మిగతా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్లు, అంటే ప్రామిసరీ నోటు, బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజి లాంటివి ఒకటి. పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు పత్రం, వీలునామా మిగతావి. వీటిని ఎంత ఖరీదైన డిజిటల్ సంతకంతో చేసినా ఐటీ చట్టం వాటికి అండగా రాదు.

మన జిల్లాల్లో ఎక్కువమంది ఇరుక్కునేది ప్రామిసరీ నోటు దగ్గర. చేబదులు ఇచ్చినా, వడ్డీకి ఇచ్చినా "నోటు రాయించుకున్నాం" అనడం మనకు అలవాటు. ఇప్పుడు అదే నోటును టైపు చేయించి, హైదరాబాద్‌లో ఉన్న మనిషికి వాట్సాప్‌లో పంపి, అక్కడ వేలితో గీసిన సంతకంతో వెనక్కి తెప్పించుకుంటున్నారు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అలాంటి నోటు ప్రామిసరీ నోటుగా నిలబడదు. అది బాకీకి ఒక ఆనవాలుగా పనికొస్తే రావచ్చు. కానీ నోటు ఉంటే "డబ్బు ముట్టింది" అని కోర్టు ముందుగా అనుకునే వెసులుబాటు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉంది చూడండి, అది పోతుంది. డబ్బు ఇచ్చామన్న సంగతి మొదట్నుంచీ మనమే రుజువు చేసుకోవాలి. కాబట్టి నోటు రాయించుకోవాలంటే కాగితం మీద, రెవెన్యూ స్టాంపు మీద, ఇంకు సంతకమే. మనిషి ఎదురుగా లేకపోతే, నోటు అనే పేరు వదిలేసి లోన్ అగ్రిమెంట్ రాసి ఈసైన్ (ఆధార్ ఓటీపీతో చేసే సంతకం) చేయించండి, డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఆ రెండూ కలిస్తే చేతిలో గట్టి ఆధారమే ఉన్నట్టు.

మరి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఫోన్‌లోనే డిమాండ్ ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకుంటున్నాయి కదా అంటారా? 2022 సెప్టెంబర్ 26 నాటి నోటిఫికేషన్‌తో కేంద్రం ఈ షెడ్యూల్‌ను సవరించింది. రిజర్వ్ బ్యాంకు, నేషనల్ హౌసింగ్ బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కింద ఉన్న సంస్థల పేరిట రాసే డిమాండ్ ప్రామిసరీ నోటుకీ, అలాంటి సంస్థలకు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీకీ మినహాయింపు ఇచ్చింది. ఆ వెసులుబాటు వాళ్లకే. పక్కింటి షావుకారుకు లేదు.

అదే సవరణలో స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలను నిషేధ జాబితా నుంచి తీసేశారు. ఇది విని "ఇక స్థలం కొనుగోలు అగ్రిమెంట్ ఫోన్‌లోనే అయిపోతుంది" అనుకుంటే చిక్కుల్లో పడతారు. ఐటీ చట్టం అడ్డు తప్పుకుంది గానీ రిజిస్ట్రేషన్ చట్టం తప్పుకోలేదు. అమ్మకం దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. పైగా మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ వల్ల అమ్మకం ఒప్పందం కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రాల్లో చేరింది. అద్దె విషయంలోనూ అంతే. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట వేరే రాష్ట్రాల్లో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ సవరణ ఆ కాలపరిమితిని తీసేసి, స్థిరాస్తి లీజులన్నింటినీ రిజిస్టర్ చేయించాల్సిన పత్రాల్లోకి తెచ్చింది. ఈసైన్ చేసిన అద్దె పత్రం గ్యాస్ కనెక్షన్‌కో, ఆఫీసులో చూపించడానికో పనికొస్తుందేమో. ఖాళీ చేయించే దావాలో మాత్రం దాని మీదే ఆధారపడొద్దు.

సోంపేట, కవిటి, మందస వైపు చాలా ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లోనో, ముంబైలోనో పనిచేస్తుంటారు. ఊళ్లో భూమి పని పడితే "నాన్నా, పవర్ రాసి వాట్సాప్‌లో పంపిస్తాను" అని కొడుకు అనేస్తాడు. పంపకూడదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ పనికి వాడే పవర్ అయితే, విదేశంలో ఉన్నవారు అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసి ధ్రువీకరణ చేయించుకోవాలి. ఆ కాగితం అసలు ప్రతి మన దేశానికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ముంబైలో ఉన్నవారైతే తాము ఉండే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ ముందు చేసి పంపాలి. టికెట్టు ఖర్చు మిగిలిందనుకుని ఫోన్‌లో కానిచ్చేస్తే, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లిన పెద్దాయన వట్టి చేతులతో వెనక్కి రావాలి.

వీలునామా సంగతి చిన్నది. ఇద్దరు సాక్షులతో, కాగితం మీదే. గిఫ్టు దస్తావేజుకు కూడా సాక్షులూ రిజిస్ట్రేషనూ తప్పవు.

రెండో అడుగు: మీ ముందున్న సంతకం ఏ రకమో గుర్తుపట్టండి

జనం "ఎలక్ట్రానిక్ సంతకం" అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు రకాలు.

మొదటిది మామూలు ఆమోదం. సంతకం ఫొటో అతికించడం, వేలితో గీయడం, ఈమెయిల్ కింద పేరు టైపు చేయడం, "ఐ అగ్రీ" నొక్కడం, వాట్సాప్‌లో "ఓకే అండీ" అనడం, అన్నీ ఇందులోకే వస్తాయి. ఐటీ చట్టం నిర్దేశించిన సంతకాలు ఇవి కావు. అంటే ఎక్కడైనా చట్టమే "సంతకం ఉండాలి" అని కోరితే ఇవి ఆ షరతును తీర్చవు. కానీ చాలా వ్యాపార ఒప్పందాలకు సంతకం ఉండాలని చట్టం కోరదు. కాంట్రాక్టు చట్టం అడిగేది అర్హత ఉన్న మనుషులు, ఇష్టపూర్వకమైన సమ్మతి, చట్టబద్ధమైన ప్రతిఫలం. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం మధ్య బాక్సైట్ సరఫరా తగాదాలో, ఫార్మల్ కాంట్రాక్టు మీద సంతకాలు కాకపోయినా ఈమెయిళ్లలోనే ఒప్పందం పూర్తయిందని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఈ రకం చెల్లదనడం తప్పు. చెల్లుతుంది, కానీ రుజువు భారం అంతా మన నెత్తిన ఉంటుంది. ఆ నంబరు ఆయనదేనా, ఆ ఫొటో ఇంకో కాగితం నుంచి కత్తిరించింది కాదా, ఒప్పుకున్నది ఈ రేటుకేనా అని ఒక్కొక్కటీ నిరూపించుకుంటూ పోవాలి.

రెండోది ఆధార్ ఈసైన్. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణ 2009 అక్టోబర్ 27న అమల్లోకి వచ్చాక, ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో చేర్చిన పద్ధతులకు కూడా సంతకం హోదా దక్కింది. 2015లో తెచ్చిన నిబంధనలతో ఈకేవైసీ (మనిషి ఎవరో ఆన్‌లైన్‌లో సరిచూసే పద్ధతి) ఆధారంగా చేసే ఈసైన్ అందులో చేరింది. మనం ఆధార్ ఓటీపీ కొట్టగానే, సర్టిఫైయింగ్ అథారిటీ, అంటే సంతకాల సర్టిఫికెట్లు ఇచ్చే లైసెన్సు ఉన్న సంస్థ, మన పేరిట అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టిస్తుంది, దాని తాళంతో పత్రానికి సంతకం వేస్తుంది, ఆ తాళాన్ని అక్కడికక్కడే చెరిపేస్తుంది. ఆ సర్టిఫికెట్ ఆయుష్షు అరగంట. అందువల్ల ఒకసారి వాడిన దాన్ని ఎవరూ దొంగిలించి మళ్లీ వాడలేరు.

మూడోది టోకెన్‌లో ఉండే డిజిటల్ సిగ్నేచర్. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లా కనిపించే ఆ టోకెన్‌లో మీ రహస్య తాళం ఉంటుంది, దానికి పిన్ ఉంటుంది. టెండర్లు, కంపెనీ ఫైలింగులు, కంపెనీల, ఎల్ఎల్‌పీల (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల) జీఎస్టీ రిటర్నులు దీంతోనే. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 సర్టిఫికెట్లు ఇవ్వడం ఆపేశారు, ఇప్పుడు క్లాస్ 3 తీసుకోవాలి. హార్డ్‌వేర్ టోకెన్‌లో తాళం పెట్టి చేసిన సంతకానికి "సెక్యూర్" అనే హోదా ఉంది. ఆ హోదా ఉంటే, పత్రాన్ని ఒప్పుకునే ఉద్దేశంతోనే సంతకం చేశారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదనేవారే కాదని నిరూపించుకోవాలి. భారతీయ సాక్ష్య అధినియం 86వ సెక్షన్‌లో ఈ మాట ఉంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. ఓటీపీ కొట్టిన ప్రతిదీ ఈసైన్ కాదు. ఏదో యాప్ తన సొంత ఓటీపీ పంపి "అంగీకరిస్తున్నాను" అనిపించుకుంటే అది మొదటి రకమే. ఆధార్ నుంచి ఓటీపీ వచ్చి, సర్టిఫైయింగ్ అథారిటీ పేజీలో దాన్ని కొట్టి, చివరికి పీడీఎఫ్ లోపల సర్టిఫికెట్ మిగిలితేనే రెండో రకం. విదేశీ సంతకాల యాప్‌ల సంగతీ ఇంతే. లోపల మన దేశపు సర్టిఫైయింగ్ అథారిటీ లేకపోతే అవి ఎంత పేరున్నవైనా మన చట్టం దృష్టిలో మామూలు ఆమోదమే.

జీడిపప్పు బయటి దేశాలకు అమ్మేవారు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఐరోపా యూనియన్‌లో సంతకాలు సింపుల్, అడ్వాన్స్‌డ్, క్వాలిఫైడ్ అని మూడు మెట్లు. క్వాలిఫైడ్‌కు మాత్రమే చేతి సంతకంతో సమానమైన హోదా. అమెరికా చట్టం అంత మెట్లు కట్టలేదు, ఉద్దేశం ఉంటే చాలంటుంది. అందుకని కాంట్రాక్టులో ఏ దేశపు చట్టం వర్తిస్తుందో రాసుకోకుండా సంతకం చేయొద్దు.

మూడో అడుగు: పనికి తగ్గ సంతకం

రోజువారీ ఆర్డర్లకు ఈసైన్ అక్కర్లేదు. చెన్నై పార్టీ "డబ్ల్యూ 320, ఇరవై టిన్నులు, నిన్నటి రేటు" అని మెసేజ్ పెట్టి, మీరు "సరే" అని, ఇన్‌వాయిస్, లారీ రసీదు, బ్యాంకు జమ వరుసగా ఉంటే ఆ గొలుసే పెద్ద సాక్ష్యం. సీజన్ మొత్తానికి జీడిపిక్కల సరఫరా ఒప్పుకుంటున్నారనుకోండి. బస్తాకు 80 కిలోల చొప్పున వందల బస్తాలు, నాలుగు నెలల గడువు, అడ్వాన్సు. ఇలాంటిది ఈసైన్ లేకుండా చేయొద్దని నా సలహా. అయ్యే ఖర్చు చాలా తక్కువ, తేడా వస్తే పోయేది లక్షల్లో. ఉద్యోగపు ఒప్పందం, భాగస్వాముల మధ్య రాసుకునే మాటలు, గుడ్‌విల్ బదిలీ, ఏజెన్సీ ఇవ్వడం, ఇవన్నీ ఈసైన్‌కు తగినవే. కంపెనీ తరఫున అయితే టోకెన్ ఇంకా మేలు, ఎందుకంటే సంస్థ పేరు కూడా సర్టిఫికెట్‌లోనే ఉండేలా తీసుకోవచ్చు.

నాలుగో అడుగు: ఈసైన్ చేసే పద్ధతి

ముందు మీ ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో చూసుకోండి. పాత సిమ్ పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. లింకు మార్చుకోవాల్సి ఉంటే సంతకం రోజున కాదు, ముందుగానే. ఒప్పందంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉండి, ఒప్పందంలో పూర్తిగా ఉంటే, "అలియాస్" అని రెండూ రాయడం మంచిది.

తర్వాత స్టాంపు. ఎలక్ట్రానిక్ పత్రానికి స్టాంపు డ్యూటీ ఉండదన్నది ఒట్టి మాట. 2020 జూలై 1 నుంచి స్టాంపు చట్టంలోని "ఎగ్జిక్యూషన్" నిర్వచనంలో ఎలక్ట్రానిక్ రికార్డు కూడా చేరింది. సంతకానికి ముందో, సంతకం చేసేటప్పుడో స్టాంపు ఉండాలి. ఈ-స్టాంపు తీసుకుని దాన్ని ఒప్పందానికి మొదటి పేజీగా పెట్టి, ఆ స్టాంపు నంబరును ఒప్పందం లోపల కూడా రాయండి. స్టాంపు లేని పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తీసుకోవాలంటే డ్యూటీతో పాటు పెనాల్టీ కట్టాలి, అది పదింతల దాకా వెళ్లవచ్చు. సంతకం ఎంత బలమైనదైనా ఇక్కడ కాలు జారితే అంతా ఆగిపోతుంది.

పీడీఎఫ్‌ను ఖరారు చేసేటప్పుడు ఖాళీలు వదలొద్దు. తేదీ, రేటు, గడువు, పేజీ నంబర్లు అన్నీ నిండాలి. తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలో కూడా రాయండి, శ్రీకాకుళమో విజయనగరమో. పార్టీలు చెరో ఊళ్లో కూర్చుని ఫోన్‌లో సంతకాలు చేసినప్పుడు ఒప్పందం ఎక్కడ కుదిరిందన్న వాదన తప్పకుండా లేస్తుంది. ఐటీ చట్టం 13వ సెక్షన్ పంపినవారి, అందుకున్నవారి వ్యాపార స్థలాలను లెక్కలోకి తీసుకుంటుంది. ముందే రాసుకుంటే ఆ గొడవ సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఈసైన్ సేవలో పీడీఎఫ్ అప్‌లోడ్ చేసి, ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది, సంతకం ఏ పేజీలో పడాలన్నది ఎంచుకోండి. ఇద్దరికీ లింకులు వెళ్తాయి. లింకు తెరిచాక పత్రం మొత్తం చదవండి. ఆ తర్వాత వచ్చే పేజీలో ఆధార్ నంబరు గానీ, దాని బదులు వాడే వర్చువల్ ఐడీ గానీ కొడతారు, సమ్మతి గడిలో టిక్ పెడతారు, ఓటీపీ కొడతారు. ఆ పేజీ ఎవరిదో అడ్రస్ బార్‌లో చూడండి. ఓటీపీ మీరే కొట్టండి. "నంబరు చెప్పండి, నేను చేసేస్తాను" అని షాపులో కుర్రాడు అంటే చెప్పొద్దు. చట్టం దృష్టిలో ఆ ఆరు అంకెలే మీ చెయ్యి.

అయ్యాక పీడీఎఫ్ వెంటనే దించుకోండి. దాన్ని ప్రింటు తీస్తే వచ్చేది నకలు మాత్రమే. సంతకం ఉండేది ఫైల్ లోపల, కాగితం మీద కాదు. ఆ ఫైల్‌ను తర్వాత కంప్రెస్ చేయడం, ఇంకో ఫైల్‌తో కలపడం, పేజీ తిప్పి సేవ్ చేయడం ఏదీ చేయొద్దు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, స్క్రీన్‌షాట్‌గా కాదు.

టోకెన్ ఉన్నవారికి, ముఖ్యంగా

టోకెన్ తీసుకోవడం కష్టమేమీ కాదు. సర్టిఫైయింగ్ అథారిటీలు గానీ, వాళ్ల భాగస్వాములు గానీ పాన్, ఆధార్ వివరాలు, ఫోన్, ఈమెయిల్ సరిచూసి, చిన్న వీడియో తీసుకుని ఇస్తారు. గడువు మూడేళ్ల దాకా ఉంటుంది. టెండర్ల కోసమైతే సంతకంతో పాటు ఎన్‌క్రిప్షన్ (ఫైల్‌ను ఇతరులు చదవకుండా తాళం వేసే) సర్టిఫికెట్ కూడా అవసరం పడుతుంది, ముందే అడిగి రెండూ కలిపి తీసుకోండి.

కష్టం ఆ తర్వాత. మన ఊళ్లలో అకౌంట్స్ చూసే ఆఫీసుల్లో డ్రాయర్ లాగి చూడండి. పదో ఇరవయ్యో టోకెన్లు ఉంటాయి. ఒక్కోదానికి చిన్న కాగితం ముక్క చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంటుంది. ఆ కాగితం మీద పార్టీ పేరు, దాని కింద పిన్. రిటర్ను రోజున ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పని అయిపోవాలని మంచి ఉద్దేశంతోనే అలా పెడతారు. టోకెన్ యజమానులు కూడా "మీ దగ్గరే ఉంచండి, నాకెందుకు టెన్షన్" అనే అంటారు. ఈ అలవాటు గురించి నాకు నిజంగా భయం. ఆ టోకెన్‌తో ఎవరు ఏం సంతకం చేసినా అది మీ సంతకమే. పైన చెప్పిన "సెక్యూర్" హోదా వల్ల, అది నేను చేయలేదని నిరూపించుకోవాల్సింది మీరే. డైరెక్టరుగా రాజీనామా చేసినట్టు, కంపెనీ ఆస్తిని బ్యాంకుకు తాకట్టు (ఛార్జి) పెట్టడానికి ఒప్పుకున్నట్టు, వాటాలు బదిలీ చేసినట్టు కాగితాలు పుట్టవచ్చు. రహస్య తాళాన్ని జాగ్రత్తగా తన అదుపులో ఉంచుకోవడం సర్టిఫికెట్ యజమాని బాధ్యత అని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. అది బయటపడిందని సర్టిఫైయింగ్ అథారిటీకి తెలియజేసే దాకా జరిగినదానికి బాధ్యత యజమానిదేనని కూడా అందులోనే ఉంది.

కాబట్టి టోకెన్ మీ బీరువాలో ఉండాలి. ఫైలింగు రోజున తీసుకెళ్లండి, మీ చేత్తో పిన్ కొట్టండి, తిరిగి తెచ్చుకోండి. పెద్ద వయసువారికి, ఊరవతల ఉండేవారికి అది కుదరదంటారా? అయితే కనీసం పిన్ రాసి ఇవ్వకండి. పిన్ కొట్టే సమయానికి వీడియో కాల్‌లో స్క్రీన్ చూసి, ఏ ఫారం మీద సంతకం పడుతోందో చదివించుకోండి. ఆఫీసు కంప్యూటర్‌లో దూరం నుంచి పిన్ కొట్టే ఏర్పాటు చేయించుకోవడమూ సాధ్యమే. డైరెక్టరు మారినా, భాగస్వామి తప్పుకున్నా ఆ రోజే టోకెన్ వెనక్కి అడగాలి. పిన్ పలుమార్లు తప్పుగా కొడితే టోకెన్ లాక్ అవుతుంది, అది మంచిదే.

ఐదో అడుగు: అవతలివారు పంపిన సంతకం నిజమైనదో కాదో చూడటం

పీడీఎఫ్‌లో పచ్చని టిక్, "డిజిటల్లీ సైన్డ్ బై" అన్న అక్షరాలు, తేదీ కనిపిస్తే చాలనుకుంటారు. ఆ బొమ్మను ఎవరైనా టైపు చేసి అతికించగలరు. నిజమైన సంతకం కనిపించేది కంప్యూటర్‌లో అడోబీ రీడర్ లాంటి ప్రోగ్రాంలో, సిగ్నేచర్ ప్యానెల్ తెరిచినప్పుడు. ఫోన్లలోని చాలా వ్యూయర్లు దాన్ని చూపించవు.

ముందు మీ ఈ-ఆధార్‌తోనే సాధన చేయండి. ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకున్న పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే, సంతకం మీద ప్రశ్నార్థకం గుర్తు, "వ్యాలిడిటీ అన్‌నోన్" అన్న మాట కనిపించవచ్చు. సంతకం తప్పని దాని అర్థం కాదు. మన దేశపు మూల సర్టిఫికెట్‌ను మీ కంప్యూటర్ ఇంకా నమ్మలేదని మాత్రమే. సంతకం మీద క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సంతకందారు సర్టిఫికెట్ తెరవండి. అక్కడ సర్టిఫికెట్ల గొలుసు కనిపిస్తుంది. కింద సంతకం చేసినవారు, పైన సర్టిఫైయింగ్ అథారిటీ, అన్నిటికంటే పైన "సీసీఏ ఇండియా" అని ఉండాలి. సర్టిఫైయింగ్ అథారిటీలకు లైసెన్సు ఇచ్చే కంట్రోలర్ కార్యాలయమే అది. ఆ పైమెట్టును ఎంచుకుని ట్రస్ట్ ట్యాబ్‌లో నమ్మకమైన జాబితాలో చేర్చి, మళ్లీ వ్యాలిడేట్ నొక్కితే పచ్చ టిక్ వస్తుంది. పైన ఆ పేరు లేకుండా, సంతకం చేసినవారి పేరే మళ్లీ ఉంటే ఆగిపోండి. అది ఎవరికి వారు ఇంట్లో తయారు చేసుకున్న సర్టిఫికెట్, దాన్ని నమ్మిన జాబితాలో చేర్చొద్దు.

ఇంకో వాక్యం కూడా వెతకండి: సంతకం తర్వాత పత్రం మారలేదని ప్యానెల్ చెప్పాలి. సంతకం వేసేటప్పుడు పత్రం మొత్తం నుంచి హాష్ అనే చిన్న కోడ్ పుట్టి సంతకంలో బందీ అవుతుంది. గోడౌన్ తాళం మీద వేసిన లక్క ముద్ర లాంటిది అది. తర్వాత ఒక్క కామా మార్చినా ముద్ర పగిలినట్టు ప్యానెల్ చెప్పేస్తుంది. సంతకం సమయాన్ని కూడా చూడండి. సర్టిఫికెట్ గడువు ఈ రోజుకు తీరిపోయినా ఫర్వాలేదు, సంతకం చేసిన క్షణానికి అది బతికి ఉండాలి. అందుకే ఏళ్ల తరబడి దాచాల్సిన పత్రాలకు టైమ్‌స్టాంప్ (సంతకం చేసిన సమయానికి రుజువుగా ఉండే ముద్ర) వేయించడం మంచిది.

మీసేవలో వచ్చే ధ్రువపత్రాల మీద ఉండేదీ డిజిటల్ సంతకమే. మీ పిల్లల సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లను ప్రింటు తీశాక డిలీట్ చేయకండి.

ఆరో అడుగు: కోర్టు దాకా వెళ్తే ఏం కావాలి

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు దానితో జత చేసే పాత 65బీ సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలు. ఒకటి పరికరాన్ని వాడే పార్టీ ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైల్ హాష్ విలువ కూడా రాయాలి. ఈ సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అసలు పరికరాన్నే కోర్టులో పెట్టగలిగితే తప్ప సర్టిఫికెట్ తప్పదు.

వాట్సాప్ మెసేజ్‌ల మీద కుదిరిన ఒప్పందం అయితే ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. కొత్త ఫోన్ కొన్నా పాతది చార్జింగ్ పెట్టి బీరువాలో ఉంచండి. ఈసైన్ అయితే సంతకం ఉన్న అసలు పీడీఎఫ్, సేవ ఇచ్చిన ఆడిట్ ట్రయిల్, లింకు వచ్చిన ఈమెయిల్, స్టాంపు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో చోట కూడా ఒక కాపీ ఉంచండి. ఆడిట్ ట్రయిల్‌లో ఎవరు ఎప్పుడు తెరిచారు, ఏ ఐపీ నుంచి, ఎప్పుడు సంతకం చేశారు అన్నవి ఉంటాయి. అది మొదట్లోనే దించుకోవాలి. సేవ ఆగిపోయాక వెతుక్కుంటే దొరకకపోవచ్చు.

మీ సంతకాన్ని ఎవరో వాడేశారని తెలిస్తే

టోకెన్ పోయినా, పిన్ బయటపడినా సర్టిఫైయింగ్ అథారిటీకి అదే రోజు రాతపూర్వకంగా చెప్పి సర్టిఫికెట్ రద్దు చేయించండి. 42వ సెక్షన్ కింద మీ బాధ్యత ఆ క్షణం దాకానే అన్నది గుర్తుంచుకుని, చెప్పినట్టు రసీదు తీసుకోండి. ఏ పోర్టళ్లలో ఆ సర్టిఫికెట్ నమోదై ఉందో అక్కడా తీయించండి. వేరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పోలీస్ స్టేషన్‌లో గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు కూడా పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత మిగతావి.

ఈసైన్ మీద అనుమానం ఉంటే ఆధార్ వెబ్‌సైట్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తెరవండి. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఏ రోజు, ఏ సమయానికి, ఓటీపీతోనో వేలిముద్రతోనో వాడారో, ఏ సంస్థ ద్వారా వాడారో అక్కడ కనిపిస్తుంది. మీకు తెలియని వరుస ఏదైనా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేయండి, వేలిముద్రల లాక్ కూడా అక్కడే పెట్టేయండి.